జర్మనీ అభిమానులు పెట్టుబడిదారును వెనక్కి పంపగలిగారు, బ్లాక్‌బర్న్ అభిమానులు ఎందుకు పంపలేకపోయారు?

నిజాంపేట వింగర్ (ప్రశ్న)

యూరప్ ఫుట్‌బాల్‌ను ఏళ్ల తరబడి చూస్తున్నవారు, అక్కడే స్థిరపడినవారు ఇక్కడ కొందరున్నారు కనుక, నాకు ఎప్పటినుంచో తేలని ఒక సంగతిని వారి ముందు పెడుతున్నాను. క్లబ్బుల ప్రైవేటు యాజమాన్యం మీద, ఆటను వ్యాపారంగా మార్చడం మీద అభిమానులకున్న కోపం ఒక్కొక్క చోట ఒక్కొక్క తీరుగా కనబడుతోంది. దాని వెనుక నిజంగా ఒక సూత్రం ఉందా, లేక ఓడిపోయినప్పుడు వచ్చే ఉక్రోషానికే సూత్రమని పేరు పెట్టుకుంటున్నారా అన్నది నా సందేహం.

మొదట జర్మనీ సంగతి. అక్కడి మొదటి రెండు డివిజన్లను నడిపే డీఎఫ్ఎల్, ప్రసార హక్కుల ఆదాయంలో 8 శాతాన్ని 20 ఏళ్లపాటు ఒక ప్రైవేటు ఈక్విటీ సంస్థకు, అంటే మదుపరుల డబ్బు పోగుచేసి పెట్టుబడులు పెట్టే కంపెనీకి ఇచ్చి, అందుకు ప్రతిగా సుమారు వంద కోట్ల యూరోలు తీసుకోవాలని 2023 డిసెంబరులో తీర్మానించింది. ఏ క్లబ్బునూ అమ్మడం లేదు, ఏ జెర్సీ రంగూ మార్చడం లేదు, టికెట్ల ధర పెంచుతామని ఎవరూ అనలేదు. అయినా వారాల తరబడి మైదానాల మీద టెన్నిస్ బంతులు వచ్చి పడ్డాయి, మ్యాచ్‌లు మధ్యలో ఆగిపోయాయి, చివరికి 2024 ఫిబ్రవరి 21న డీఎఫ్ఎల్ ఆ ప్రయత్నాన్నే విరమించుకుంది.

ఇక ఇంగ్లండ్‌లోని బ్లాక్‌బర్న్ రోవర్స్ విషయానికి వస్తే, 1995లో ఆ క్లబ్బు ప్రీమియర్ లీగు గెలవడానికి జాక్ వాకర్ అనే ఉక్కు వ్యాపారి డబ్బే ఆధారమని అందరూ ఒప్పుకుంటారు. ఆయన పేరెత్తితే ఆ ఊళ్లో ఇప్పటికీ చేతులెత్తి మొక్కుతారు. అదే క్లబ్బును 2010లో వెంకీస్ కుటుంబం కొన్నది. 1971లో హైదరాబాద్‌లో బి.వి. రావు గారు మొదలుపెట్టిన కోళ్ల వ్యాపారమే తరువాత పుణె కేంద్రంగా విస్తరించింది కనుక, ఒక విధంగా వీరు మనకు తెలిసినవారే. వీరూ డబ్బు పెట్టారు, పెడుతూనే ఉన్నారు. అయినా అభిమానులకు వీరంటే గిట్టదు.

ఇద్దరూ ప్రైవేటు యజమానులే, ఇద్దరూ జేబులోంచి తీసినవారే. అలాంటప్పుడు అభ్యంతరం డబ్బు మీదా, మనిషి మీదా, ఆ మనిషి పరాయివాడు కావడం మీదా? తెలిసినవారు కాస్త విడమరచి చెప్పగలరు.

రూర్ తీరవాసి

వింగర్ గారూ, నేను చాలాకాలంగా రూర్ ప్రాంతంలో ఉద్యోగం చేస్తున్నాను, ఇక్కడి ఒక క్లబ్బులో సభ్యత్వమున్న వాడిని కూడా, కాబట్టి జర్మనీ సంగతి మాత్రం చెప్పగలను. మీరు ఆ ఒప్పందంలో ఏమి లేదో చెప్పారు. కోపం వచ్చింది దానికి కాదు, అది ఆమోదం పొందిన తీరుకు.

ఇక్కడి క్లబ్బులు చట్టరీత్యా సభ్యుల సంఘాలు. నిర్ణీత రుసుము కట్టి సభ్యుడైన ప్రతివాడికీ ఏటా జరిగే సర్వసభ్య సమావేశంలో ఒక ఓటు ఉంటుంది. అధ్యక్షుడిని ఎన్నుకోవచ్చు, లెక్కలు అడగవచ్చు, నచ్చకపోతే నిలదీయవచ్చు. 1998లో వృత్తి ఫుట్‌బాల్ విభాగాన్ని విడిగా కంపెనీగా మార్చుకునే వెసులుబాటు ఇచ్చినప్పుడు, దానితోపాటు ఒక షరతు కూడా పెట్టారు. కంపెనీలో ఎవరు ఎంత పెట్టుబడి పెట్టినా, ఓట్లలో సగానికి పైన మరొక్క ఓటు మాతృ సంఘం చేతిలోనే ఉండాలి. 50+1 అని అందరూ చెప్పుకునేది ఈ షరతునే. అంటే బయటివాళ్ల డబ్బుకు తలుపులు మూసేయలేదు. బయర్న్ మ్యూనిక్ కంపెనీలో అడిడాస్, ఆడి, అలియాంజ్ సంస్థలకు ఒక్కొక్కదానికి 8 శాతానికి కాస్త పైన వాటా ఉన్నది, మిగిలిన 75 శాతం సంఘానిది. ఆ వాటాల గురించి ఇక్కడ ఎవరూ బంతులు విసరడం లేదు.

ఇక 2023 సంగతికి వస్తే, అదే ఏడాది మే నెలలో ఇంతకంటే పెద్ద ప్రతిపాదన ఒకటి కావలసిన ఓట్లు రాక వీగిపోయింది. ఏడు నెలలు తిరగకుండానే దాన్ని కొంచెం తగ్గించి మళ్లీ ముందుకు తెచ్చారు. మొత్తం 36 క్లబ్బులు, ఆమోదానికి మూడింట రెండు వంతులు, అంటే 24 ఓట్లు కావాలి. సరిగ్గా 24 వచ్చాయి. ఒక్కటి తగ్గినా ప్రతిపాదన పోయేది. ఓటింగు రహస్యంగా జరిగింది. హనోవర్ 96 క్లబ్బు తరఫున ఓటు వేసింది దాని కంపెనీ సారథి మార్టిన్ కిండ్. వ్యతిరేకంగా ఓటు వేయాలని మాతృ సంఘం ఆయనకు స్పష్టంగా ఆదేశించింది. ఆయన ఎలా వేశారో చెప్పలేదు. మేము వ్యతిరేకించామని బహిరంగంగా ప్రకటించిన క్లబ్బులను లెక్కవేసుకున్నవారందరికీ ఒక ఓటు తేడా కనబడింది, అనుమానమంతా అక్కడే మొదలైంది. 50+1 అన్న ఏర్పాటు ఉన్నదే సభ్యుల మాట చెల్లడానికి. ఆ మాట పెట్టెలోకి చేరేలోపు దారి తప్పి ఉంటుందేమో అన్న అనుమానం ఒక్కటి చాలు కదా.

నిరసన తీరు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే టీవీలో చూసినవారికి అది అల్లరిగా కనబడి ఉంటుంది. డిసెంబరులో మొదటి 12 నిమిషాలు స్టాండ్లన్నీ మౌనంగా ఉండిపోయాయి. అరుపులు లేని జర్మన్ స్టేడియంలో గోలీ తన డిఫెండర్లను కేకేయడం, బూటు బంతికి తగిలిన చప్పుడు పైవరుసదాకా వినిపిస్తాయి. దానికి ఫలితం లేకపోయాకే బంతులు వచ్చాయి. బంగారు కాగితం చుట్టిన చాక్లెట్ నాణేలు, రిమోటుతో నడిచే బొమ్మ కార్లు వచ్చాయి, ఒకచోట గోలు స్తంభానికి సైకిలు తాళాలు బిగించారు. ఆటగాళ్లు చలికి చేతులు రుద్దుకుంటూ మధ్యగీత దగ్గర నిలబడితే, సిబ్బంది బకెట్లు పట్టుకుని పచ్చబంతులు ఏరేవారు. చివరి బంతి ఏరి రిఫరీ ఈల నోట పెట్టుకునేసరికి మళ్లీ ఇంకో విడత. బెర్లిన్‌లో యూనియన్, వోల్ఫ్స్‌బర్గ్ మ్యాచ్ సుమారు అరగంట ఆగింది. ఎవరికీ గాయం కాకూడదన్నది ముందే అనుకున్న పద్ధతి, టెన్నిస్ బంతిని ఎంచుకున్నదీ అందుకే. ఆ వాటా కొనే పోటీలో మిగిలిన రెండు పెట్టుబడి సంస్థలలో బ్లాక్‌స్టోన్ ముందే తప్పుకుంది, సీవీసీ ఒక్కటే మిగిలాక డీఎఫ్ఎల్ చేతులెత్తేసింది.

లైప్‌జిగ్ పేరెత్తితే ఇక్కడ ఎందుకు మొహాలు మాడ్చుకుంటారో కూడా ఇదే చెబుతుంది. రెడ్‌బుల్ సంస్థ 2009లో మార్క్‌రాన్‌స్టెట్ అనే చిన్న క్లబ్బుకు ఐదవ డివిజన్‌లో ఉన్న ఆడే హక్కును తీసుకుని కొత్త క్లబ్బు నిలబెట్టింది. ప్రాయోజకుడి పేరు క్లబ్బుకు పెట్టకూడదని నిబంధన ఉండడంతో రాజెన్‌బాల్‌స్పోర్ట్ అని పేరు పెట్టి, ఆర్‌బీ అన్న పొడి అక్షరాలు మాత్రం దక్కించుకున్నారు. కాగితం మీద అదీ సభ్యుల సంఘమే, కానీ ఓటు హక్కున్న సభ్యులు చాలాకాలం ఇరవై మందికి అటూ ఇటూగానే ఉన్నారు. 2014లో ఆ జట్టు బెర్లిన్‌కు వచ్చినప్పుడు యూనియన్ అభిమానులు నల్ల ప్లాస్టిక్ అంగీలు తొడుక్కుని మొదటి 15 నిమిషాలు నోరు విప్పలేదు. ఆ అభిమానులు ఎవరో తెలిస్తే వారి పట్టుదల అర్థమవుతుంది: 2008, 2009 సంవత్సరాలలో తమ పాత స్టేడియాన్ని రెండువేల మందికి పైగా శ్రమదానం చేసి తిరిగి కట్టుకున్నవారు. సిమెంటు కలిపిన చేతులకు అది "మా మైదానం" కాకుండా ఎలా పోతుంది?

మీ ప్రశ్నకు నా జవాబు ఇది. ఇక్కడ డబ్బుతో పేచీ లేదు. వద్దు అని చెప్పే దారి మూసుకుపోతేనే పేచీ.

లెక్కల మాస్టారు

తీరవాసి గారు రాసినది ఆసక్తిగా చదివాను, కానీ అందులో అభిమానులను కొంచెం ఎక్కువగానే మోసినట్టు అనిపించింది. నాకు ఈ విషయంలో అంత నమ్మకం లేదు.

2021 అక్టోబరులో సౌదీ ప్రభుత్వ నిధి నాయకత్వంలో ఒక కూటమి న్యూకాజిల్ క్లబ్బును సుమారు 30.5 కోట్ల పౌండ్లకు కొన్నప్పుడు, ఆ ఊరి అభిమానులు వేల సంఖ్యలో స్టేడియం బయట చేరి పండగ చేసుకున్నారు, తలలకు గుడ్డలు చుట్టుకుని మరీ పాడారు. అంతకుముందు 14 ఏళ్లు వారు తిట్టిపోసింది పాత యజమాని మైక్ ఆష్లీ అనే ఇంగ్లండ్ వ్యాపారినే, పరాయివాడిని కాదు. సభ్యుల ఓటు, ప్రజాస్వామ్యం అన్న మాటలు ఆ రోజు ఎవరి నోటా రాలేదు. 2003లో చెల్సీని, 2008లో మాంచెస్టర్ సిటీని విదేశీ సంపన్నులు కొన్నప్పుడు జరిగిందీ ఇదే. 2021 ఏప్రిల్‌లో యూరప్‌లోని కొన్ని పెద్ద క్లబ్బులు తమకంటూ విడిగా సూపర్ లీగు పెట్టుకుంటామన్న ప్రకటన వచ్చినప్పుడు చెల్సీ అభిమానులే వీధిలోకి వచ్చి తమ జట్టు బస్సును అడ్డుకున్నారు, సంతోషమే. కానీ ఆ రోజుకు అప్పటికే 18 ఏళ్లుగా ఒక్క మనిషి డబ్బుతో కప్పులు గెలుస్తూ వచ్చినవారు వారు. గెలిపిస్తే దాత, ఓడిపోతే దోపిడీదారు.

ఇక జర్మనీ పద్ధతి సాధించిందేమిటో కూడా చూద్దాం. సభ్యుల పాలన అంత గొప్పదైతే 2013 నుంచి 2023 దాకా వరుసగా 11 సార్లు బయర్న్ ఒక్కటే ఎలా గెలిచింది? ఆ వరుసను 2024లో తెంచింది ఎవరు? బాయర్ లెవర్‌కూజెన్, అంటే మందుల కంపెనీ సొంత క్లబ్బు, 50+1 నుంచి మినహాయింపు పొందిన క్లబ్బు. డోర్ట్‌మండ్ 2000లో స్టాక్ మార్కెట్‌కు వెళ్లి, ఆ డబ్బు ఆటగాళ్ల మీద కుమ్మరించి, స్టేడియాన్ని కూడా ఒక పెట్టుబడి నిధికి అమ్ముకుని, 2005 నాటికి దివాలా అంచుకు చేరింది. ఆ మార్చిలో డుస్సెల్‌డార్ఫ్ విమానాశ్రయంలో సమావేశమైన ఆ నిధి మదుపరులు దయతలచి ఒప్పుకోబట్టి బతికింది గానీ, 50+1 దాన్ని కాపాడలేదు. మన దగ్గర సహకార చక్కెర కర్మాగారాలు ఎన్ని మూతపడ్డాయో గుర్తు చేసుకోండి; రైతులే వాటాదారులు, రైతులకే ఓట్లు, అయినా ఏమైంది? ఓటు ఉండడం వేరు, ఆ ఓటుతో లెక్కలు పట్టుకోగలగడం వేరు.

నా ఉద్దేశంలో అభిమాని కోరేది రెండే: తన జట్టు గెలవాలి, తనను ఎవరూ చిన్నచూపు చూడకూడదు. మొదటిది దక్కుతున్నంతకాలం రెండవదాన్ని చాలామంది మరిచిపోతారు.

ఎవుడ్ పార్క్ వైద్యుడు

మాది గుంటూరు వైపు. ఉద్యోగరీత్యా తూర్పు లాంకషైర్‌లో ఉంటున్నాను, బ్లాక్‌బర్న్ మ్యాచ్‌లకు వెళుతుంటాను. మన ఇంటిపేర్ల వంటి పేర్లున్న యజమానులను చుట్టూ ఉన్నవాళ్లు తిడుతుంటే మధ్యలో కూర్చోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు కనుక, వింగర్ గారి చివరి ప్రశ్న, అంటే పరాయివాడు కావడం గురించి, ముందు మాట్లాడతాను.

జాతి ద్వేషం అసలే లేదంటే అది అబద్ధమవుతుంది. 2012లో కొందరి నోటి వెంట వచ్చిన మాటలు వినదగ్గవి కావు. కానీ బ్లాక్‌బర్న్ పట్టణ జనాభాలో భారత, పాకిస్తాన్ మూలాలవారు గణనీయంగా ఉన్నారు, భారత మూలాలవారిలో గుజరాతీలు ఎక్కువ. 2022 మేలో క్లబ్బు స్టేడియమైన ఎవుడ్ పార్క్ మైదానం మీదే ఈద్ నమాజు జరిగింది, అలా మైదానాన్ని ఇచ్చిన మొదటి ఇంగ్లండ్ క్లబ్బు ఇదే. ఆ రోజు గడ్డి మీద తివాచీలు పరుచుకున్న కుటుంబాలలో రోవర్స్ కండువా వేసుకున్నవారూ ఉన్నారు, యజమానులను వెళ్లిపొమ్మని అడిగేవారూ ఉన్నారు. కాబట్టి ఈ వైరాన్ని తెల్లవారు, నల్లవారు అన్న గీత మీద నిలబెట్టలేం.

జాక్ వాకర్‌కు, వీరికి తేడా ఎక్కడ అంటే, వాకర్ ఆ ఊళ్లో పుట్టి, ఆ ఊళ్లో రేకుల పనితో మొదలై, అమ్ముకున్న ఉక్కు వ్యాపారం డబ్బును ఆ ఊరి క్లబ్బులో పోశారు. ఆయన మ్యాచ్‌లలో కనబడేవారు. తప్పు జరిగితే ఎవరిని అడగాలో అందరికీ తెలుసు. స్టేడియం బయట ఆయన విగ్రహం ఉన్నది, ఇప్పటికీ మ్యాచ్‌కు ముందు అక్కడ కలుసుకుందామనుకునేవారు ఎక్కువ. ఆయన 2000లో చనిపోయాక కుటుంబ ట్రస్టు పదేళ్లు నడిపి, 2010 నవంబరులో సుమారు 2.3 కోట్ల పౌండ్లకు వెంకీస్‌కు అమ్మింది.

వచ్చిన నెల తిరగకుండానే మేనేజరు శామ్ అలర్డైస్‌ను తొలగించారు. అప్పటికి జట్టు పట్టికలో నడిమధ్యన ఉంది. ఆ స్థానంలో సహాయకుడు స్టీవ్ కీన్‌ను కూర్చోబెట్టారు. 2011లో ఆటగాళ్లను డ్రెస్సింగ్ రూములో కూర్చోబెట్టి చికెన్ తినిపిస్తూ ఒక వాణిజ్య ప్రకటన తీశారు; లీగులో కిందికి జారుతున్న జట్టు అభిమానులకు అది ఎలా తగిలిందో ఊహించుకోవచ్చు. 2012 మే 7న విగన్ చేతిలో ఓడి ప్రీమియర్ లీగు నుంచి పడిపోయిన రాత్రి, క్లబ్బు జెండా కప్పిన ఒక కోడిని ఎవరో మైదానంలోకి వదిలారు. జోరువానలో అది గోలు దగ్గర దిక్కుతోచక తిరుగుతుంటే పట్టుకుని తీసుకువెళ్లిన దృశ్యం ప్రపంచమంతా నవ్వుతూ చూసింది, ఈ ఊరు మాత్రం నవ్వలేదు. తరువాతి సీజన్‌లో 1995 జట్టు సభ్యుడైన హెన్నింగ్ బెర్గ్‌ను మేనేజరుగా తెచ్చి 57 రోజులకు పంపించేశారు, ఆయన తరువాత వచ్చిన మైకేల్ ఆపిల్టన్ 67 రోజులున్నారు. 2017లో మూడవ అంచెకు పడిపోయారు, మరుసటి ఏడాదే తిరిగి రెండవ అంచెకు వచ్చారు.

లెక్కల మాస్టారు గారి వాదనకు ఇక్కడ కొంత బలం ఉందని ఒప్పుకోవాలి, గెలుస్తూ ఉంటే ఈ కోపం ఇంత ఉండేది కాదు. అయితే వెంకీస్ దోచుకుపోయారనడం న్యాయం కాదు. మాంచెస్టర్ యునైటెడ్‌ను 2005లో గ్లేజర్ కుటుంబం సుమారు 79 కోట్ల పౌండ్లకు కొన్నప్పుడు ఆ కొనుగోలు కోసం చేసిన అప్పులో పెద్ద భాగం క్లబ్బు నెత్తినే పెట్టింది, ఇక్కడ అలా జరగలేదు, యజమానులే ఏటా లోటు పూడుస్తూ వచ్చారు. అసలు బాధ అదే అనిపిస్తుంది నాకు. క్లబ్బు బతకడానికి ప్రతి సంవత్సరం ఎక్కడో పుణెలో ఒక సంతకం కావాలి. భారత్‌లో నడుస్తున్న ఒక కేసు వల్ల 2023 నుంచి ఇక్కడికి డబ్బు పంపాలంటే ఢిల్లీ హైకోర్టు అనుమతి కావలసి వచ్చింది. లాంకషైర్‌లో పుట్టి పెరిగిన అభిమానులు ఢిల్లీ కోర్టు వాయిదా తేదీలు చూసుకునే పరిస్థితి వచ్చింది. 2024 ఫిబ్రవరిలో ఆడమ్ వార్టన్‌ను, ఇదే ఊళ్లో పుట్టి ఈ క్లబ్బు అకాడమీలోనే పెరిగిన కుర్రవాడిని, సుమారు 1.8 కోట్ల పౌండ్లకు క్రిస్టల్ ప్యాలెస్‌కు అమ్మారు. చిన్న క్లబ్బు మంచి ఆటగాడిని అమ్ముకోవడం మామూలే, దాన్ని ఎవరూ తప్పు పట్టరు. ఆ డబ్బు ఎటు పోతుందని అడిగితే జవాబు చెప్పే యజమాని ఎదురుగా లేకపోవడమే మింగుడుపడనిది.

జర్మనీ వారికి అరవడానికి స్టాండు, ఓటు వేయడానికి సభ, రెండూ ఉన్నాయి. ఇక్కడివారికి స్టాండు ఒక్కటే ఉంది. అది కూడా ఖాళీ చేస్తే తప్ప యజమానికి వినబడదు, ఖాళీ చేస్తే నష్టపోయేది క్లబ్బే. చాలామంది సీజన్ టికెట్లు మానుకున్నారు, ఇంకొందరు ఆ మానుకున్నవారితో మాట్లాడడం మానుకున్నారు.

లాల్‌బహదూర్ గ్యాలరీ

పెద్దలందరూ యూరప్ గురించే మాట్లాడుతున్నారు, మన ఊరి సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతాను.

హైదరాబాద్‌కు ఫుట్‌బాల్ కొత్త కాదు. సయ్యద్ అబ్దుల్ రహీం గారు తీర్చిదిద్దిన సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పు గెలిచింది. అది ప్రభుత్వ శాఖ జట్టు, లాభనష్టాల ప్రసక్తి లేదు. ఆ తరం పోయాక చాలాకాలానికి, 2019లో, ఐఎస్ఎల్‌లో, అంటే ఇండియన్ సూపర్ లీగులో, మన పేరుతో జట్టు వచ్చింది. ఎలా వచ్చింది? పుణె సిటీ క్లబ్బు మూతపడితే దాని స్థానంలో వచ్చింది. ఆ రోజు పుణె అభిమానులు ఏమయ్యారని మనలో ఎంతమంది అడిగాం?

2022 మార్చి 20న గోవాలో జరిగిన ఫైనల్‌లో, కేరళ అభిమానుల పసుపురంగుతో నిండిన స్టేడియంలో, 88వ నిమిషంలో సాహిల్ తవోరా గోలుతో సమం చేసి, లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపగా హైదరాబాద్ ఎఫ్‌సీ గెలిచింది. కోవిడ్ వల్ల ఆ సీజనంతా గోవాలోనే జరిగింది, అంటే జట్టు ఛాంపియన్ అయిన ఏడాది గచ్చిబౌలిలో ఒక్క లీగు మ్యాచ్ కూడా లేదు. మరుసటి సీజన్‌లో జట్టు రెండవ స్థానంలో నిలిచింది. ఆ తరువాత జీతాల బకాయిలు, ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోవడం, కొత్తవారిని తీసుకోకుండా ఫిఫా నిషేధం. 2023-24లో 22 మ్యాచ్‌లలో ఒకే ఒక్క విజయంతో అట్టడుగున మిగిలింది. యాజమాన్యం మారింది, 2025లో కొత్త యాజమాన్యం జట్టును ఢిల్లీకి తరలించి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చింది. ఇక్కడ టెన్నిస్ బంతులు విసరడానికి కూడా వీలు లేకపోయింది, ఎందుకంటే విసరడానికి మ్యాచ్ మిగలలేదు.

దీన్ని కోల్‌కతాతో పోల్చి చూడండి. 2020లో మోహన్ బగాన్ ఫుట్‌బాల్ విభాగంలో 80 శాతాన్ని ఆర్‌పీఎస్‌జీ గ్రూపు తీసుకుని, తన పాత క్లబ్బు పేరు ఏటీకేను ముందు తగిలించింది. జట్టు గెలుస్తూనే ఉంది, లెక్కల మాస్టారు గారూ, మీరు చెప్పిన మొదటి కోరిక తీరుతూనే ఉంది. అయినా మూడేళ్లపాటు గోడల మీద, బ్యానర్ల మీద ఆ మూడక్షరాలు తీసేయమన్న డిమాండే కనబడింది. చివరికి 2023 మార్చిలో ఐఎస్ఎల్ ట్రోఫీ గెలిచిన రాత్రే ఆ గ్రూపు అధినేత సంజీవ్ గోయెంకా ఆ అక్షరాలు తీసేస్తున్నట్టు ప్రకటించారు. గెలుపు ఒక్కటే కావాలనుకుంటే అభిమానులు ఆ పేరుతో మూడేళ్లు పేచీ ఎందుకు పెట్టుకుంటారు? 2021 జూలైలో ఈస్ట్ బెంగాల్ అభిమానులు పెట్టుబడిదారుతో కుదరని ఒప్పందం గురించి క్లబ్బు ముందు గుమిగూడి లాఠీ దెబ్బలు తిన్నారు. వారిలో సగం మంది ఒప్పందం మీద సంతకం పెట్టమని, సగం మంది పెట్టవద్దని వచ్చినవారు.

కోల్‌కతాలో వందేళ్ల క్లబ్బు ముందు ఉంది, పెట్టుబడిదారు తరువాత వచ్చాడు. మన దగ్గర పెట్టుబడిదారు ముందు వచ్చాడు, క్లబ్బు అన్నది ఆయన చేతిలోని ఫ్రాంచైజీ కాగితమే. ఆయన వెళ్లిపోతే వెనుక ఏ సంఘమూ, ఏ సభ్యుల జాబితా మిగలదు.

రూర్ తీరవాసి

మాస్టారు గారూ, లెవర్‌కూజెన్ గురించి మీరన్నది నిజమే, దాన్ని దాచిపెట్టను. ఆ క్లబ్బును 1904లో బాయర్ కార్మికులే స్థాపించారు, వోల్ఫ్స్‌బర్గ్ వోక్స్‌వాగన్ ఊరి క్లబ్బు. 20 ఏళ్లకు పైగా ఒకే సంస్థ పోషిస్తే మినహాయింపు అన్న నిబంధన వీరికోసమే. ఈ మినహాయింపులు నచ్చనివారు అభిమానులలోనే చాలామంది ఉన్నారు. 2025 జూన్‌లో జర్మనీ పోటీ వ్యవహారాల సంస్థ కూడా, 50+1 సూత్రం తనకు సమ్మతమే గానీ దాన్ని అందరికీ ఒకేలా వర్తింపజేయాలని, ఈ రెండు క్లబ్బుల మినహాయింపు శాశ్వతంగా నిలవదని, లైప్‌జిగ్‌లో సభ్యత్వం అందరికీ అందుబాటులో ఉందో లేదో చూడాలని అభిప్రాయపడింది. హోఫెన్‌హైమ్ క్లబ్బును డబ్బు పెట్టి పోషించిన డీట్మార్ హోప్ అయితే 2015లో తనకు దక్కిన మినహాయింపును 2023లో తానే వదులుకుని ఓట్లు సంఘానికి తిరిగి ఇచ్చేశారు.

డోర్ట్‌మండ్ కథలో మాత్రం నేను వేరుగా ఆలోచిస్తాను. సభ్యుల ఓటు తప్పుడు నిర్ణయాలను ఆపదు. కానీ 2005లో క్లబ్బు అమ్మకానికి వెళ్లలేదు, ఊరు మారలేదు, పేరు మారలేదు, ఏడేళ్లలో రెండుసార్లు లీగు గెలిచింది. 50+1 చేయగలిగింది అంతే, కప్పులు తెచ్చిపెడతానని అది ఎప్పుడూ చెప్పలేదు.

నిజాంపేట వింగర్

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. గ్యాలరీ గారు చెప్పిన దానిలోంచి ఒక్కటి అడగాలనిపిస్తోంది. రేపు ఎవరైనా హైదరాబాద్‌కు మళ్లీ ఐఎస్ఎల్ జట్టు తెస్తామని ముందుకు వస్తే, మనవంటివారు చేరకముందే ఏ షరతు అడగాలి? 51 శాతం ఓట్లు అడిగితే ఎవరూ రారు, అది తెలుసు.

ఎవుడ్ పార్క్ వైద్యుడు

ఇంగ్లండ్ ఇప్పుడు ప్రయత్నిస్తున్న మధ్యేమార్గం మీకు పనికి రావచ్చు. సూపర్ లీగు గొడవ తరువాత మొదలైన సమీక్ష ఫలితంగా 2025 జూలైలో ఫుట్‌బాల్ పాలన చట్టం వచ్చింది, దాని కింద స్వతంత్ర నియంత్రణ సంస్థ ఏర్పడింది. యాజమాన్యం ఎవరిదైనా సరే, క్లబ్బు చిహ్నం, సొంత మైదానంలో వేసుకునే జెర్సీ రంగులు మార్చాలంటే అభిమానుల మద్దతు ఉందని చూపించాలి. స్టేడియం అమ్మాలన్నా, ఊరు మార్చాలన్నా నియంత్రణ సంస్థ ఆమోదం కావాలి. కార్డిఫ్‌లో 2012లో యజమాని నీలి జెర్సీని ఎరుపు చేసి, అభిమానుల పోరు పడలేక 2015లో మళ్లీ నీలానికి రావలసి వచ్చిన ఉదంతం చట్టం రాసినవారికి గుర్తుండే ఉంటుంది. అలాగే 2002లో వింబుల్డన్ క్లబ్బును మిల్టన్ కీన్స్‌కు తరలించడానికి అనుమతి ఇచ్చినప్పుడు అభిమానులే ఏఎఫ్‌సీ వింబుల్డన్ అని కొత్త క్లబ్బు పెట్టుకుని తొమ్మిదవ అంచె నుంచి మొదలుపెట్టి పైకి వచ్చారు, ఆ క్లబ్బు ఇప్పటికీ వారి చేతిలోనే ఉన్నది.

కాబట్టి నా సలహా: ఓట్లు అడగవద్దు, పేరు అడగండి. జట్టు పేరు, చిహ్నం, రంగులు ఒక నమోదైన అభిమానుల సంఘం పేరిట ఉండాలి, యజమాని వాటిని వాడుకునేందుకు అనుమతి తీసుకోవాలి. ఆయన వెళ్లాలనుకుంటే ఫ్రాంచైజీ కాగితం ఆయనతో వెళుతుంది, పేరు మాత్రం ఇక్కడే ఉంటుంది. ఆ షరతుకు ఒప్పుకోని యజమాని ఎంత డబ్బు చూపించినా, గచ్చిబౌలిలో సీజన్ టికెట్టు కొనే ముందు కాస్త ఆగండి.